ఫైబర్ పైకప్పు మటడార్‌కి రేడియో యాంటెనా ఎక్కడ బిగించాలి?

పాత బండ్లకి రేడియో బిగించినవాళ్లు ఎవరైనా ఉంటే కొంచెం చెప్పండన్నా. మాది కావలి. మా నాన్న రొయ్యల మేత తోలిన మటడార్ వ్యాన్‌లో వెనక మంచం, చిన్న గ్యాస్ స్టవ్ పెట్టి ఊళ్లు తిరగడానికి సిద్ధం చేసుకుంటున్నా. తుప్పు తిన్న పైకప్పు పీకేసి ఫైబర్‌ది వేయించా, చిక్కంతా అక్కడే వచ్చింది.

ఎఫ్ఎంకి కడ్డీ సుమారు 75 సెంటీమీటర్లు ఉండాలని, కింద ఇనుప రేకు ఉంటేనే బాగా పట్టుకుంటుందని తెలుసు. మరి ఫైబర్ మీద పెడితే ఎర్త్ ఎట్లా? లోపలివైపు అల్యూమినియం రేకు అంటించి, దాన్నుంచి ఛాసిస్‌కి తీగ లాగితే చాలా, లేక ముందు అద్దం పక్కన ఇనుము మీదే బిగించమంటారా?

ఇంకోటి. ప్రస్తుతానికి కిటికీకి కట్టిన తీగతోనే విజయవాడ స్టేషన్, అదే 837 కిలోహెర్ట్జ్, పర్లేదు, వినపడుతోంది. ఇంజిన్ స్టార్ట్ చేస్తే మాత్రం గుయ్యిమని మోత, ఎక్సలేటర్ తొక్కేకొద్దీ ఆ మోత సన్నబడి ఈలలాగా అవుతోంది. డీజిల్ బండి, స్పార్క్ ప్లగ్గులు లేవు కాబట్టి బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరే అని నా అనుమానం. మెకానిక్కేమో సెట్ మార్చమంటాడు, అది కొని పట్టుమని నెల కాలేదు! ఫిల్టర్ వేస్తే పోతుందా?

మైపాడు, కొత్తపట్నం బీచ్‌ల దగ్గర రాత్రిళ్లు ఆపుతుంటా, ఉప్పుగాలికి మామూలు మరలు ఎర్రబారిపోతున్నాయి. స్టీలు మరలు, రబ్బరు వాషర్, సిలికాన్ వేస్తే నవంబర్ వానలకి యాంటెనా కోసం పొడిచిన బొక్కలోంచి నా పరుపు మీదికి నీళ్లు కారకుండా ఉంటాయా?