ఇండియా పాలసీ ఆపేసి అమెరికా ఇన్సూరెన్స్‌కి మారాలా?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్కారం. నాకు 67 ఏళ్ళు. తెనాలిలో ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. అమ్మాయి స్పాన్సర్ చేస్తే గ్రీన్‌కార్డ్ మీద మా ఆవిడా నేనూ పోయిన నెల ఇక్కడికి వచ్చాం. ఆవిడకి 63, షుగరూ బీపీ ఉన్నాయి. నాకు స్టెంట్ వేశారు. ఇండియాలో ఇద్దరికీ కలిపి ఫ్యామిలీ ఫ్లోటర్ ఆరోగ్య బీమా చాలా ఏళ్ళుగా నడుస్తోంది. ఇప్పుడు రెన్యువల్ దగ్గరపడింది, ప్రీమియం చూస్తే గుండె గుభేలుమంటోంది. ఇక్కడ ఉంటూ అక్కడ కట్టడం దండగనీ, అది ఆపేసి విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకుంటే చాలనీ, నాకు 65 దాటాయి కనుక మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వం పెద్దవాళ్ళకిచ్చే ఆరోగ్య బీమా) ఎలాగూ వస్తుందనీ అల్లుడుగారి స్నేహితులు అంటున్నారు. నిజమేనా? అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

జవాబు (ప్లేనో, టెక్సస్)

నమస్తే మాస్టారూ. మా అత్తగారూ మామగారూ కూడా ఇలాగే వచ్చారు కాబట్టి ఈ కాగితాలన్నీ నేనే చూశాను.

మెడికేర్ మీద ఇప్పుడే ఆశ పెట్టుకోకండి. 65 రాగానే అందులో పార్ట్ ఎ, అంటే ఆస్పత్రి ఖర్చుల భాగం, ఊరికే వస్తుందన్నది ఇక్కడ దాదాపు పదేళ్ళు, అంటే 40 క్వార్టర్లు (మూడేసి నెలలు), పనిచేసి పన్ను కట్టినవాళ్ళ విషయం. పిల్లలు కట్టిన పన్ను మీ లెక్కలోకి రాదు. మీరు గ్రీన్‌కార్డ్‌తో ఐదేళ్ళు ఇక్కడే ఉన్నాక, డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. 2026 రేట్ల ప్రకారం పార్ట్ ఎ నెలకు 565 డాలర్లు, డాక్టర్ ఖర్చులకు పార్ట్ బి 202.90. ఇద్దరికీ కలిపి నెలకు 1,535 దాటుతుంది, మందుల ప్లాన్ మళ్ళీ వేరే. ఆ ఐదేళ్ళ మధ్యలో నెలల తరబడి తెనాలిలో ఉండిపోతే ఆ లెక్క కూడా తేడా రావచ్చు.

విజిటర్ ఇన్సూరెన్స్ పేరులోనే ఉంది, చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళ కోసం అని. ముందునుంచీ ఉన్న జబ్బులకు మామూలుగా అది డబ్బివ్వదు. ఉన్నట్టుండి తిరగబెడితే మాత్రం ఇంతవరకు ఇస్తామని ఒక పరిమితి పెడతారు, వయసు పెరిగేకొద్దీ ఆ పరిమితి తగ్గుతుంది. మీకు స్టెంట్, పిన్నిగారికి షుగర్. మీకు అవసరం పడేది సరిగ్గా వాళ్ళు డబ్బివ్వని చోటే.

మీకు పనికొచ్చేది మార్కెట్‌ప్లేస్ ప్లాన్, అంటే ప్రభుత్వ సైటు ద్వారా కొనే ప్రైవేటు బీమా. టెక్సస్‌కి సొంత సైటు లేదు, హెల్త్‌కేర్ డాట్ గవ్‌లోనే తీసుకోవాలి. 65 దాటినా, మెడికేర్‌లో లేనివాళ్ళు దీన్ని కొనొచ్చు. పాత జబ్బుందని కాదనడానికి వీల్లేదు, వెయిటింగ్ పీరియడ్ లేదు, మొదటిరోజు నుంచే వర్తిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు 60 రోజుల గడువు ఇస్తారు. అది దాటిపోతే నవంబర్ 1న మొదలయ్యే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా అందరూ ప్లాన్ తీసుకునే సమయం) దాకా ఆగాలి. మీరు వచ్చి నెల అయిందంటున్నారు కాబట్టి అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే.

ఖరీదు మాత్రం ఎక్కువే. 64, ఆ పైన వయసువాళ్ళకి 21 ఏళ్ళ కుర్రాడి ప్రీమియానికి మూడు రెట్లు దాకా వేయొచ్చు. ఇక సబ్సిడీ, అంటే ప్రీమియంలో కొంత ప్రభుత్వం భరించడం. మీకు అద్దెలు, ఎఫ్‌డీ వడ్డీలు ఏమైనా వస్తున్నాయా? అవి ఒక్కొక్కరికి ఏడాదికి 5,300 డాలర్లు (2026 లెక్క) దాటితే అమ్మాయి తన పన్ను కాగితాల్లో మిమ్మల్ని డిపెండెంట్లుగా, అంటే తన మీద ఆధారపడినవాళ్ళుగా, చూపించడం కష్టం. అప్పుడు మీరిద్దరే విడిగా ఒక కుటుంబం. ఇదివరకు ఆదాయం బాగా తక్కువైనా, గ్రీన్‌కార్డ్ కొత్త కాబట్టి మెడికెయిడ్ (పేదలకిచ్చే ప్రభుత్వ బీమా) రానివాళ్ళకి సబ్సిడీ ఇచ్చేవారు. 2026 జనవరి నుంచి అది తీసేశారు. డిపెండెంట్లుగా చూపించగలిగితే అమ్మాయి, అల్లుడి ఆదాయం లెక్కలోకి వస్తుంది. ఇద్దరు పిల్లలతో, మీతో కలిపి ఆరుగురుంటే 2026లో హద్దు 1,72,600 డాలర్లు, దాటితే సబ్సిడీ సున్నా. ఇద్దరూ ఐటీలో ఉంటే దాటే ఉంటారు! రెండు రకాలుగానూ లెక్క వేయించి చూడండి. మా ఇంట్లో ఒక సీపీఏ (పన్నుల అకౌంటెంట్) గంట కూర్చుని తేల్చాడు, ఆ ఫీజు వసూలైపోయింది.

ఇండియా పాలసీ మాత్రం ఆపకండి. ఇప్పుడు ఆపేసి 70 ఏళ్ళప్పుడు మళ్ళీ కొనబోతే స్టెంట్ చూసి ఇస్తారో ఇవ్వరో, ఇచ్చినా వెయిటింగ్ పీరియడ్ మొదటికొస్తుంది, మూడేళ్ళ దాకా పెట్టొచ్చు. ఐదేళ్ళు తెగకుండా నడిచిన పాలసీకి ఉన్న బలం వేరు. మోసం ఉంటే తప్ప పాత జబ్బు దాచారని క్లెయిమ్ కొట్టేయలేరు. ప్రీమియం భారమైతే సమ్ ఇన్సూర్డ్ (బీమా మొత్తం) తగ్గించుకోండి, ఆపడం కంటే అది నయం. జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు కాబట్టి బిల్లు ఆ మేరకు తగ్గి ఉండాలి, చూసుకోండి.

జవాబు (బోతెల్, వాషింగ్టన్)

అక్క చెప్పినదాంట్లో చివరి మాటతో నేను ఒప్పుకోను. మా అమ్మానాన్నలది ఆపేశాం. గుంటూరులో ఇల్లు అమ్మేశారు, అక్కడ చూసుకునేవాళ్ళెవరూ లేరు, ఏడాదికోసారి పెళ్ళికో పేరంటానికో వెళ్ళినా ఇరవై రోజుల్లో వచ్చేస్తారు. ఆ ఇరవై రోజుల కోసం లక్ష పైన కట్టడం ఎందుకు? ఆ డబ్బు పక్కన పెట్టుకుంటే ఏదైనా వచ్చినప్పుడు సొంతంగా కట్టుకోవచ్చు.

జవాబు (ప్లేనో, టెక్సస్)

తమ్ముడూ, ఇల్లు అమ్ముకుని వచ్చేసినవాళ్ళకి నువ్వన్నది సరే. మాస్టారు వచ్చి నెలే అయింది. మొదటి చలికాలం గడిచాక సగంమంది పెద్దవాళ్ళు టికెట్లు చూస్తారు. కనీసం రెండేళ్ళు కట్టి, ఇక్కడ కుదురుకున్నాకే నిర్ణయించుకోవాలని నా మాట.

జవాబు (కమ్మింగ్, జార్జియా)

మాస్టారూ, నేను మీకంటే కాస్త పెద్దవాణ్ణే, కాబట్టి చనువుగా చెబుతున్నాను. ప్రీమియం తక్కువని బ్రాంజ్ ప్లాన్ ఎంచుకోకండి. స్టెంట్ ఉన్నవాడికి డాక్టర్ విజిట్లు తప్పవు, డిడక్టిబుల్ (బీమా ఇవ్వడం మొదలుపెట్టేముందు మనం కట్టాల్సిన మొత్తం) తీరేదాకా చాలావరకు జేబులోంచే. ఏడాదికి మీ చేతినుంచి పోయే గరిష్ఠం ఒక్కొక్కరికి 2026లో 10,600 డాలర్ల దాకా ఉండొచ్చు. పై తరగతులైన సిల్వర్, గోల్డ్ కూడా పక్కపక్కన పెట్టి, ప్రీమియంతో కలిపి ఏడాది మొత్తం ఎంతవుతుందో వేయండి. లెక్కల మాస్టారికి నేను చెప్పాలా!

ఇంకోటి, టెక్సస్‌లో ఆ ప్లాన్లు ఎక్కువగా హెచ్‌ఎంఓలే, అంటే మామూలుగా వాళ్ళ నెట్‌వర్క్ డాక్టర్ల దగ్గరే చెల్లుతాయి. మీ ఇంటికి దగ్గర్లో ఉన్న కార్డియాలజిస్టు ఆ నెట్‌వర్క్‌లో ఉన్నాడో లేడో క్లినిక్‌కే ఫోన్ చేసి, ప్లాన్ పూర్తి పేరు చెప్పి అడగండి. వెబ్‌సైట్ జాబితాలు పాతబడి ఉంటాయి. ప్లాన్ మొదలయ్యేలోపు చెల్లెమ్మగారి మందులు అయిపోతే కంగారుపడొద్దు, ఇక్కడి డాక్టర్ ప్రిస్క్రిప్షన్ ఉంటే మెట్‌ఫార్మిన్ లాంటివి వాల్‌మార్ట్‌లో ఇన్సూరెన్స్ లేకపోయినా నాలుగు డాలర్లకే నెల సరిపడా దొరుకుతాయి. కంటి శుక్లాలు, పళ్ళు, మోకాళ్ళు లాంటివి ఇండియా వెళ్ళినప్పుడు అక్కడి పాలసీ మీదో సొంత డబ్బుతోనో చేయించుకుంటున్నాం మేమైతే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. అద్దె, వడ్డీ కలిపితే ఒక్కొక్కరికి ఆ హద్దు దాటుతుంది, విడిగా చూస్తే మా ఆదాయం బాగా తక్కువ, కాబట్టి సబ్సిడీ ఆశ లేనట్టే. ఇండియా పాలసీని పది లక్షల నుంచి ఐదుకి తగ్గించి రెన్యూ చేయమని ఏజెంటుకి ఈ రోజే చెప్పాను. ఒక్క అనుమానం, ఆ 60 రోజులు ఎప్పటినుంచి? నా సోషల్ సెక్యూరిటీ కార్డు ఇంకా రాలేదు.

జవాబు (ప్లేనో, టెక్సస్)

ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టు మీద స్టాంపు వేసిన రోజు నుంచి లెక్కపెట్టుకోండి మాస్టారూ. సోషల్ సెక్యూరిటీ నంబరు కోసం ఆగొద్దు, స్టాంపు ఉన్న వీసా పేజీ ఫొటోతో అప్లికేషన్ మొదలుపెట్టండి, నంబరు తర్వాత చేర్చవచ్చు. నెలాఖరులోపు ప్లాన్ ఎంచుకుని మొదటి ప్రీమియం కడితే వచ్చే నెల 1 నుంచి మొదలవుతుంది. ఈ శనివారం అమ్మాయిని ఖాళీ పెట్టుకోమనండి, ఎక్కడైనా ఆగిపోతే నాకు ఫోన్ చేయండి.