అప్‌డేట్: సెర్చ్ వేరే పేజీకి పోతున్న సమస్య తీరింది, బ్రౌజర్ కూడా మార్చాను

సిస్టమ్‌తో వచ్చిన బ్రౌజర్‌లో ఏది వెతికినా ఇంకేదో సెర్చ్ పేజీకి పోతోంది, వేరేదానికి మారాలా అని అడిగాను కదా, తేలిపోయింది. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి అదనంగా పెట్టుకునే చిన్న ప్రోగ్రామ్‌లు) చూడమన్న సలహానే పనిచేసింది: ఎప్పుడో పీడీఎఫ్ మార్చడానికి పెట్టుకున్న ఒకటి, అన్ని వెబ్‌సైట్లలో నా డేటా చదివి, మార్చే పర్మిషన్ తీసుకుని హాయిగా కూర్చుంది. తీసేశాక ఆగింది. అంతకుముందు రీసెట్ చేసినా తిరిగొచ్చిందంటే సింక్ (అకౌంట్‌లో దాచిన ఎక్స్‌టెన్షన్లని, సెట్టింగ్స్‌ని మళ్లీ తెచ్చిపెట్టేది) ఆన్‌లో ఉండటం వల్లే, అది తట్టడానికే రెండు రోజులు పట్టింది.

అంటే తప్పు బ్రౌజర్‌ది కాదు, నాదే. అయినా ఫైర్‌ఫాక్స్‌కి మారాను, యాడ్స్ ఆపే ఎక్స్‌టెన్షన్ యూబ్లాక్ ఆరిజిన్ ఒక్కటే పెట్టి, సెట్టింగ్స్‌లో హెచ్‌టీటీపీఎస్-ఓన్లీ మోడ్ (సైట్లని సురక్షితమైన కనెక్షన్‌తోనే తెరిచేది, అది లేకపోతే ముందే హెచ్చరించేది) ఆన్ చేశాను. పాతదాంట్లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌ల బదులు కొత్తవి పెట్టుకుని, పాతవి అక్కడి నుంచి తీసేశాను.