ఎన్‌సీసీ క్యాడెట్లకు మ్యాప్ రీడింగ్‌పై ఆసక్తి కలిగించడం ఎలా?

అనంతపురంలోని ఒక డిగ్రీ కళాశాలలో ఎన్‌సీసీ అధికారిగా ఉన్నాను. ఎన్‌సీసీలో అత్యున్నతమైన ‘సి’ సర్టిఫికెట్‌కు సిద్ధమవుతున్న మా క్యాడెట్లలో పలువురు, ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ ద్వారా యూపీఎస్సీ రాత పరీక్ష లేకుండానే ఎస్‌ఎస్‌బీ (సైనిక అధికారులను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూకు వెళ్లి సైన్యంలో అధికారులు కావాలని కోరుకుంటున్నారు. డ్రిల్లుకు తెల్లవారకముందే మైదానానికి వచ్చే ఈ పిల్లలే మ్యాప్ రీడింగ్ తరగతిలో మాత్రం పరీక్షలో వచ్చే ప్రశ్నలు చెబితే చాలంటారు.

బేరింగు (ఉత్తర దిశ నుంచి సవ్యదిశలో కొలిచే కోణం) 180 డిగ్రీలలోపు ఉంటే 180 కలపాలనీ, దాటితే తీసివేయాలనీ బ్యాక్ బేరింగ్ (అవతలి చోటి నుంచి మన వైపుకు ఉండే బేరింగ్) సూత్రాన్ని తడుముకోకుండా అప్పజెబుతారు. అదే బేరింగ్ కొలిచే ప్రిస్మాటిక్ కంపాస్ చేతికిచ్చి, ఎదురుగా కనిపించే నీళ్ల ట్యాంకు నుంచి తాము నిలబడిన చోటికి బేరింగ్ ఎంతో చెప్పమంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మ్యాపుపై ఒక చోటును అంకెల్లో చెప్పే గ్రిడ్ రిఫరెన్సులో ఈస్టింగు (తూర్పు వైపుకు పెరిగే అంకె) ముందు చదవాలన్నది కూడా ప్రతిసారీ గుర్తుచేయవలసి వస్తోంది.

అలసట కారణమేమోనని తరగతిని డ్రిల్లుకు ముందుకు జరిపాను, స్లైడ్లు చూపాను, వారాంతపు పరీక్షలు పెట్టి బహుమతులిచ్చాను. మార్కులు పెరిగాయి గానీ నేర్చుకోవాలన్న తపన పుట్టలేదు. రేపు జవాన్లను వెంటబెట్టుకుని నడిపించవలసినవారు వీరు కాబట్టి నాకు ఇది చిన్న విషయంగా తోచడం లేదు.

సైన్యంలో గానీ, ఎన్‌సీసీలో గానీ శిక్షణ ఇచ్చినవారు దయచేసి చెప్పండి: క్యాడెట్లు మార్కుల కోసం కాక తమంతట తామే మ్యాపు చేతికి తీసుకునేలా చేసిన అభ్యాసం మీ అనుభవంలో ఏది?