క్వారీలకు సబ్సిడీ ఇస్తే ముందు దేనికి: మనిషి ప్రాణానికా, పొగ తగ్గించడానికా?

కృష్ణలంకవాసి:
బెజవాడ దగ్గర పరిటాల, దొనబండ వైపు కంకర క్వారీలకు సర్కారు సబ్సిడీ ఇవ్వాల్సి వస్తే దేనికివ్వాలి? కరెంటు టిప్పర్లకీ సోలార్‌కీ అని మా ఆఫీసులో ఒకాయన పట్టుబట్టాడు. 2025 ఆగస్టులో బాపట్ల జిల్లా బల్లికురవ గ్రానైట్ క్వారీలో బండలు విరిగిపడి, ఒడిశా నుంచి పొట్టకూటికొచ్చిన ఆరుగురు పోయారు. ప్రాణానికే దిక్కులేనిచోట పొగ లెక్కలెందుకన్నది నా వాదన.

పరిటాల_క్రషర్:
ఏ పేరు చెప్పినా చివరికి మా జేబుకే చిల్లు. భద్రత అంటారు, మే నెల ఎండలో హెల్మెట్ పెట్టుకుని జాక్‌హామర్ పట్టి చూడండి, తెలుస్తుంది. డీజిల్ తగ్గిస్తామంటే మాత్రం వింటాను.

కొండపల్లి_బొమ్మ:
ఇబ్రహీంపట్నం థర్మల్ చిమ్నీలు కళ్లెదుట పెట్టుకుని టిప్పర్ పొగ మీద పంచాయితీ ఏంటండీ!

రిటైర్డ్_ఓవర్‌మెన్:
థర్మల్ సంగతి వేరే చర్చలో తేల్చుకుందాం. నేను సింగరేణి బొగ్గు గనుల్లో చేసి రిటైరయ్యాక బెజవాడలో స్థిరపడ్డాను. భద్రతనీ పొగనీ వేరు పద్దులుగా చూడటమే తప్పండి. క్వారీ దారే తీసుకోండి. గనుల నిబంధనల ప్రకారం 16 అడుగుల దూరానికి 1 అడుగు మించి ఎక్కకూడదు. మన దగ్గర కొన్నిచోట్ల నిట్టనిలువు, గుంతలు, అంచున గట్టు కూడా ఉండదు. లోడు బండి ఫస్ట్ గేర్‌లో మూలుగుతూ ఎక్కుతుంది. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. దిగేటప్పుడు బ్రేకు పట్టలేదా, బండి లోయలోనే. వాలు సరిచేసి గట్టు పోస్తే డ్రైవరూ బతుకుతాడు, డీజిలూ మిగులుతుంది. బ్లాస్టింగూ అంతే. పేలుడు మందు పెట్టే బోర్లు అడ్డదిడ్డంగా వేస్తే బండ సరిగా పగలదు. మళ్లీ మందు పెట్టాలి, లేదా పొక్లెయిన్‌కి బ్రేకర్ తగిలించి గంటలకు గంటలు కొట్టాలి. రాళ్లు ఎగిరొచ్చే ప్రమాదం ఆ రెండో మందుతో మరీ ఎక్కువ.

గుంటూరు_మైనింగ్:
బాబాయ్ గారూ, ఆ పొత్తు అన్నిచోట్లా కుదరదు. మీ అండర్‌గ్రౌండ్‌లోనే చూడండి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు. 1.25 శాతానికే మనుషుల్ని బయటికి రప్పించాలని రూలు. అందుకే పెద్ద ఫ్యాన్లు పెట్టి గ్యాసుని బయటికి తోసేస్తారు. లోపలివాళ్లు క్షేమం, కానీ అది పోయేది ఆకాశంలోకేగా! నూరేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు వేడెక్కించే వాయువు. తవ్వకానికి ముందే బోరు వేసి ఆ గ్యాసుని లాగి వాడుకుంటే రెండూ దక్కుతాయి, అయితే గ్యాసు దండిగా ఉన్న పొరల్లోనే అది గిట్టుబాటు. పిడుగురాళ్ల సున్నం బట్టీలది ఇంకో కథ. టన్ను సున్నపురాయి కాలిస్తే రాయిలోంచే దాదాపు 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ పోతుంది, బొగ్గు పొగ దానికి అదనం. కూలీకి ఎన్ని మాస్కులిచ్చినా ఆ 440 తగ్గదు.

రిటైర్డ్_ఓవర్‌మెన్:
మా గనుల్లో చాలావాటిలో మీథేన్ తక్కువేనమ్మా. మాకు భయమల్లా బొగ్గు దానంతటదే అంటుకోవడం. గాలి చొరకుండా గోడ కట్టి ఆ మంట ఆపితే మనిషికీ మేలు, పైన ఊరికీ మేలు.

గుంటూరు_మైనింగ్:
అది ఒప్పుకుంటాను. నా గుబులు వేరే. "రెండూ ఒకటే" అని ఫైలు రాస్తే కార్బన్ తగ్గే పనికే డబ్బొస్తుంది. దుమ్ము లేవకుండా డ్రిల్లింగ్‌కి నీళ్లు కొడితే ఒక్క కిలో కార్బన్ తగ్గదు, పైగా మోటారు కరెంటు ఖర్చు. కానీ ఆ దుమ్ము పీల్చి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చినవాడికి నయం చేసే మందే లేదు. బండలు విరిగిపడకుండా పైనుంచి మెట్లలా బెంచీలు కొట్టుకుంటూ దిగడమూ అంతే, అదనంగా తవ్వాలి, డీజిల్ పెరుగుతుంది. ఈ రెండూ చేసిన క్వారీకే కరెంటు టిప్పర్ సబ్సిడీ ఇవ్వాలి. చెయ్యనివాడికి సోలార్ ప్లేటు కూడా దండగ.

పరిటాల_క్రషర్:
చెప్పడానికి బాగానే ఉంది మేడమ్. ఎండాకాలం మా గుట్ట మీదికి నీళ్ల ట్యాంకరు ఎవరు తోలతారు?

రిటైర్డ్_ఓవర్‌మెన్:
ట్యాంకరెందుకండీ? తవ్వి వదిలేసిన పాత గుంతల్లో వాననీళ్లు నిలిచే ఉంటాయిగా, మోటారేసి తోడుకోండి. పనిలో పనిగా వాటి చుట్టూ కంచె కూడా వేయించండి, సెలవులొస్తే పిల్లలు ఈతకు దిగుతారు.