1956 నాటి మిశ్రమ ఆర్థిక వ్యవస్థ: పొరపాటు ఎంపికలోనా, అమలులోనా?

ప్రశ్న
నేను అర్థశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నాను. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన పేద దేశం ఏ ఆర్థిక విధానాన్ని అనుసరించాలన్న చర్చ వచ్చినప్పుడల్లా మా తరగతిలో సగం మంది 1956 పారిశ్రామిక విధాన తీర్మానాన్ని నిందిస్తారు, మిగతావారు 1991 సంస్కరణలను నిందిస్తారు. 17 రకాల పరిశ్రమల విస్తరణను ప్రభుత్వానికే అప్పగించి, మిగతావాటిలో ప్రైవేటు రంగానికీ చోటిచ్చిన (మిశ్రమ ఆర్థిక వ్యవస్థ అంటే ఇదే) ఆ తీర్మానం అప్పటి పరిస్థితుల్లో సమంజసమేనా?

సమాధానం 1
ప్రభుత్వం ముందుకు రావాలని ఆనాటి పారిశ్రామికవేత్తలే కోరుకున్నారు. జె.ఆర్.డి. టాటా, బిర్లా ప్రభృతులు 1944లో ప్రకటించిన బొంబాయి ప్రణాళిక, పదిహేనేళ్లలో పది వేల కోట్ల రూపాయల పెట్టుబడిని ప్రతిపాదిస్తూ, ప్రభుత్వ నియంత్రణను కూడా అంగీకరించింది. మా విశాఖనే చూడండి: వాల్‌చంద్ హీరాచంద్ 1941లో తలపెట్టిన నౌకానిర్మాణ కేంద్రం నుంచి 1948లో ‘జల ఉష’ నీటిలోకి దిగింది, నాలుగేళ్లు తిరిగేసరికి అందులో అధిక వాటాను ప్రభుత్వమే తీసుకుంది.

సమాధానం 2
ఉక్కు, ఓడల వరకు ఒప్పుకుంటాను. అయితే 1951 పరిశ్రమల చట్టం కింద కర్మాగారం పెట్టడానికే కాదు, ఉన్నదానిని చెప్పుకోదగినంతగా పెంచడానికి కూడా లైసెన్సు కావలసి వచ్చేది. మా నాన్నగారు స్కూటరుకు సొమ్ము కట్టిన రసీదును ట్రంకుపెట్టెలో పట్టుచీరల అడుగున దాచారు. బండి వచ్చేసరికి, దాని మీద బడికి దింపుదామనుకున్న మా అన్నయ్య డిగ్రీలో చేరాడు. కొనేవాడు డబ్బు పట్టుకొని నిలుచున్నా తయారుచేసేవాడి చేతులు కట్టేసే ఏర్పాటును ప్రణాళిక అనడానికి నాకు నోరు రాదు. పి.వి. నరసింహారావు ప్రభుత్వం 18 పరిశ్రమలు మినహా లైసెన్సులను ఎత్తివేసింది 1991 జూలైలో!

సమాధానం 3
రైతు ఊసు ఎవరూ ఎత్తలేదు. 1959లో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ రైతుల భూములను కలిపి సాగుచేసే ఉమ్మడి సహకార సేద్యాన్ని తీర్మానించినప్పుడు ఎదిరించి, స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడైనవాడు మన ఎన్.జి. రంగా.
ఇక పరిశ్రమల విషయానికి వస్తే, దక్షిణ కొరియాకూ 1962 నుంచి పంచవర్ష ప్రణాళికలు ఉన్నాయి, బ్యాంకులూ ప్రభుత్వ అదుపులోనే ఉండేవి. కాకపోతే అక్కడ చౌక రుణం పొందిన సంస్థ ఎగుమతులు చేసి చూపించవలసి వచ్చేది. మనం దిగుమతులకు తలుపులు మూసి రక్షణ కల్పించామే గాని, ఆ రక్షణకు బదులుగా ఏమీ అడగలేదు. నా దృష్టిలో అసలు లోపం ఇదే.

ప్రశ్న అడిగినవారు
అయితే నా సెమినారు పత్రంలో ‘ప్రభుత్వమా, మార్కెటా’ అన్న శీర్షిక తీసేసి, మన లైసెన్సు షరతులను కొరియా ఎగుమతి షరతులతో పోల్చి రాస్తాను. రసీదు సంగతి వాడుకోవచ్చునా అండీ?

సమాధానం 2 రాసినవారు
తప్పకుండా వాడుకోండి. రసీదు ఇంకా ఆ పెట్టెలోనే ఉంది, స్కూటరే లేదు.