బాట వేస్తామా, పడుతుందా?

మిత్రులకు నమస్కారం. ఒక సైన్సు వ్యాసం తెలుగు చేస్తూ 'అడాప్టివ్ నెట్‌వర్క్' దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. ఉత్త నెట్‌వర్క్ అయితే చిక్కు లేదు. వల, అల్లిక, జాలం, ఏదో ఒకటి సరిపోతుంది. తీగలు బిగించి ఉంటాయి, వాటిలో కరెంటు పారుతుంది. కానీ ఇక్కడ పారేదాన్ని బట్టి తీగ మారుతుంది, మారిన తీగను బట్టి మళ్లీ పారేది మారుతుంది. 'అనుకూలన జాలం' అని రాసుకున్నాను. చదివితే కళ్లముందు ఏ బొమ్మా కట్టడం లేదు.

మొన్న అమ్మ ఫోన్లో ఏదో చెబుతూ "అందరూ అడ్డంపడి నడిచి మన చేలో బాట పడిపోయిందిరా" అంది. అక్కడ ఆగాను. రోడ్డు వేస్తాం, బాట పడుతుంది. ముడి వేస్తాం, ముడి పడుతుంది. 'వేయు'లో చేసేవాడున్నాడు, 'పడు'లో లేడు. మొదట చేలో అడ్డంపడి వెళ్లినవాడు బాట చేద్దామనుకోలేదు. అతని అడుగుకి గడ్డి కాస్త నలిగింది. వెనకాల వచ్చినవాడు ఆ నలిగిన చోటే కాలు పెట్టాడు. నడక బాటను చేస్తోంది, బాట నడకను లాగుతోంది. నాకు కావలసిన అర్థం అచ్చంగా ఇదే.

థిలో గ్రోస్, బెర్న్‌డ్ బ్లాసియుస్ అనే శాస్త్రవేత్తలు 2008లో రాసిన సమీక్షలో చెప్పిందీ ఇదే: నెట్‌వర్క్ మీద జరిగేది ఒకటి, నెట్‌వర్క్‌కే జరిగేది ఇంకొకటి, ఈ రెండూ ఒకదాన్నొకటి మార్చుకుంటూ పోతే అది అడాప్టివ్. ఫైసేరమ్ అనే జిగురులాంటి ఏకకణ జీవి ఉంది. మెదడు లేదు, నాడులు లేవు. ఒళ్లంతా గొట్టాలే. పారుదల ఎక్కువున్న గొట్టం లావెక్కుతుంది, తక్కువున్నది సన్నబడుతుంది. 2010లో జపాన్ శాస్త్రవేత్తలు టోక్యో చుట్టుపక్కల ఊళ్లున్న చోట్ల ఓట్స్ పలుకులు పెట్టి దాన్ని వదిలితే, అక్కడి రైలు మార్గాలతో పోల్చదగ్గ అల్లిక తయారైంది. దాన్ని ఎవరూ వేయలేదు, పడింది.

'పడిన అల్లిక' అందామంటే చెవికి బాగాలేదు. మీకేమైనా తోస్తే చెప్పండి.

*

అన్నా, మా దిక్కు తొవ్వ అంటం. "తొవ్వ వడ్డది" అనే అంటరు, మాట అదే. కాకపోతే పడుడు ఒక్కటే చెప్తే సగమే చెప్పినట్టు. నడిచేటోళ్లు మానేస్తే తొవ్వ మీద గడ్డి మొలుస్తది, ముండ్లకంప కమ్ముకుంటది. తొవ్వ కనవడకపోతే కొత్తోడు అటు పోనే పోడు. ఆ జిగురు జీవిల సన్నవడ్డ గొట్టం కథ గూడ గదే గదా. పడుడు, కమ్ముకపోవుడు రెండూ రావాలె.

*

బాబూ, మీరిద్దరూ దారి చూశారు, నేను మనుషుల్ని చూస్తాను. "వాళ్లకీ మాకూ రాకపోకలు లేవు" అంటాం. రావడం, పోవడం జరిగే పని. అయినా ఆ పని పేరే బంధుత్వానికి పెట్టుకున్నాం. రావడం మానేస్తే పోయేది ప్రయాణం ఒక్కటే కాదు, సంబంధం కూడా. లంకెకీ దాని మీద నడిచేదానికీ ఒకటే మాట ఉన్న భాష మనది. నాకది ఎంతో గర్వంగా అనిపిస్తుంది.

ఉద్యోగంలో ఉండగా అంటువ్యాధుల లెక్కలు చూసేదాన్ని కనుక ఇది మరీ తట్టింది. గ్రోస్, బ్లాసియుస్‌లే ఇంకొకరితో కలిసి 2006లో ఒక నమూనా కట్టారు. జబ్బు లేనివాడు జబ్బుమనిషితో రాకపోకలు మానేసి, ఇంకో ఆరోగ్యవంతుడితో కలుపుకుంటాడు. మొదట్లో జబ్బుకి ఊపిరాడదు. కానీ ఆరోగ్యవంతులంతా ఒకచోట గుంపుకడతారు. ఆ గుంపులోకి జబ్బు ఒక్కసారి జొరబడిందా, పట్టపగ్గాలుండవు. భయం మనుషుల అల్లికను మార్చింది, మారిన అల్లిక జబ్బు నడకను మార్చింది. 2020లో మన ఇళ్లలో రాకపోకలు ఎలా తెగాయో, మళ్లీ ఎవరితో ముందు కలిశాయో ఒక్కసారి తలుచుకోండి.

*

'గాడి' కూడా ఉంది. బండి చక్రాలే గాడి తీస్తాయి. లోతైన తర్వాత చక్రం పక్కకి రాదు. 1989లో చీమల మీద ఒక ప్రయోగం చేశారు. ముందు పొడుగు దారి ఒక్కటే ఇచ్చి, అరగంట తర్వాత పొట్టిదారి తెరిచారు. చీమలబారు పాత వాసన పట్టుకుని పొడుగు దారినే పోయింది. మనం "గాడిన పడింది" అని మెచ్చుకోలుగా అంటాం. ఇక్కడ మాత్రం గాడిన పడటమే చేటు.

*

అందరికీ దండాలు. ముఖ్యంగా అమ్మగారికి: రాకపోకలు నా బుర్రకి అందనే లేదు. నామవాచకం కోసం వెతకడం మానేశాను. 'నెట్‌వర్క్' అనే ఉంచి, క్రియలు మీ దగ్గర తీసుకుంటున్నాను: పడటం, కమ్ముకుపోవడం, గాడిన పడటం. లంకె అన్నచోటల్లా 'రాకపోకలు' పెట్టి చూశాను. మనుషులు, ఊళ్లు వచ్చినచోట చక్కగా అతికింది. నాడీకణాల దగ్గర మాత్రం అతకలేదు. కబురు ఒకవైపే పోతుంది, రాక లేదు. అక్కడ లంకె అనే ఉంచేశాను.