గ్యాస్ విద్యుత్ కేంద్రం విస్తరణకు ఒప్పుకోవచ్చా?

పక్కవీధి:
ఇప్పటికే నడుస్తున్న గ్యాస్ కేంద్రంలో ఇంకో యూనిట్ కడతామంటే చుట్టుపక్కల జనం ఏమనాలి? బొగ్గు కన్నా నయమని కొందరు, ఇప్పటిదాకా పీల్చింది చాలని కొందరు అంటున్నారు. మీరేమంటారు?

కంట్రోల్‌రూమ్:
నేను కట్టమనే అంటాను. కొత్త కంబైన్డ్ సైకిల్ యూనిట్ (గ్యాస్ టర్బైన్ వదిలే వేడితో ఆవిరి పుట్టించి ఇంకో టర్బైన్‌ను కూడా తిప్పేది) గ్యాస్‌లోని శక్తిలో దాదాపు 60 శాతాన్ని కరెంటుగా మారుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ బొగ్గు కేంద్రం వదిలేదాంట్లో సగం లోపే. బూడిద చెరువు ఉండదు. లైన్లు, సబ్‌స్టేషన్ ఉన్నవే కాబట్టి కొత్తగా భూసేకరణ కూడా తక్కువ. పొద్దు గూకాక సోలార్ పడిపోతే గ్రిడ్‌ను నిలబెట్టేది ఏదో ఒకటి ఉండాలి కదండీ.

లెక్కలమాస్టారు:
కంట్రోల్‌రూమ్ గారూ, మీ అంకెలతో నాకు పేచీ లేదు. కానీ అది పొగగొట్టం దగ్గర వేసిన లెక్క. గ్యాస్ బావి నుంచి టర్బైన్ దాకా వచ్చే దారిలో మీథేన్, అంటే ఆ గ్యాస్‌లో ముఖ్యమైన భాగమే, కొంత లీకవుతుంది. ఇరవై ఏళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లకు పైగా వేడెక్కిస్తుంది. అమెరికాలో ఈ లీకేజీ ఉత్పత్తిలో 2.3 శాతం ఉందని 2018లో ఒక అధ్యయనం తేల్చింది. మూడు శాతం దాటితే, వచ్చే ఒకటి రెండు దశాబ్దాల వరకూ బొగ్గు కన్నా మేలని చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

ఇంకో సంగతి, నాకు ఇదే పెద్దది. పొద్దు గూకాక నడపడానికని మీరే అన్నారు. అంటే రోజూ ఆపాలి, రోజూ స్టార్ట్ చేయాలి. ఆ 60 శాతం నిలకడగా ఫుల్ లోడ్ మీద నడిచినప్పటి మాట. మంట వేడికి పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లనే విషవాయువులను అణిచే కెటలిస్ట్ (పొగ దారిలో పెట్టే రసాయన జల్లెడ లాంటిది) స్టార్టప్‌లో ఇంకా వేడెక్కి ఉండదు, సరిగా పనిచేయదు. ఒక్కోసారి గొట్టం నుంచి పసుపు, గోధుమ రంగు కలిసిన పొగ లేచేది అప్పుడే. ఆ ఆక్సైడ్లకు ఎండ తగిలితే ఓజోన్ పుడుతుంది, ఆస్తమా ఉన్న పిల్లలకు అది నరకం. కెటలిస్ట్‌కి అమ్మోనియా కావాలి, దాని ట్యాంకర్లు ఇళ్ల ముందు నుంచే వెళ్తాయి. పాత యూనిట్ల పొగ మీద ఇదంతా అదనం. ఏడాది సగటు చూపిస్తే ఈ గంటలు అందులో కలిసిపోయి కనపడవు.

షిఫ్టుమనిషి:
పని గురించి కూడా మాట్లాడండి. కట్టేటప్పుడు వందల మందికి పని దొరుకుతుంది. నడిపేటప్పుడు పదుల్లోనే, ఒప్పుకుంటాను. అయినా వెల్డర్‌కి రెండేళ్ల పని చిన్నదేం కాదు. నా భయం వేరే. 2010 ఫిబ్రవరిలో అమెరికాలోని కనెక్టికట్‌లో, ఇంకా కడుతున్న గ్యాస్ కేంద్రంలో పైపులు శుభ్రం చేయడానికి సహజవాయువునే ఊదారు. పేలుడులో ఆరుగురు పోయారు. అందరూ పనిలో ఉన్నవాళ్లే. గాలితోనో నత్రజనితోనో చేయొచ్చు ఆ పని. అనుమతి పత్రంలోనే ఆ మాట రాయించండి.

పక్కవీధి:
మరి వద్దంటే కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది మాస్టారూ?

లెక్కలమాస్టారు:
కాలిఫోర్నియాలో ఆక్స్‌నార్డ్ చూడండి. ఆ తీరంలో అప్పటికే గ్యాస్ కేంద్రాలున్నాయి, ఇంకొకటి కడతామంటే జనం అడ్డం తిరిగారు. అది ఆగింది. దగ్గర్లో 100 మెగావాట్ల బ్యాటరీ వచ్చింది, సాయంత్రం అవసరానికే. బ్యాటరీ రోజుల తరబడి ఆదుకోలేదు, నిజమే. అందుకే నేను పూర్తిగా వద్దనడం లేదు. కొత్తది మొదలైన రోజే పాత యూనిట్ మూయాలి. ఏడాదికి ఎన్ని గంటలు నడపాలో, ఎన్నిసార్లు స్టార్ట్ చేయాలో అనుమతిలో అంకె ఉండాలి. ఇవి లేకపోతే నా ఓటు వద్దనే.

కంట్రోల్‌రూమ్:
పాతది మూయడానికి సరే. గంటల పరిమితికి మాత్రం ఒప్పుకోను. వడగాడ్పుల్లో వారం రోజులు డిమాండ్ దిగకపోతే, గంటలు అయిపోయాయని ఆసుపత్రులకు కరెంటు ఆపుతామా?

లెక్కలమాస్టారు:
ఆపొద్దు. అత్యవసరానికి మినహాయింపు పెట్టండి. అలా వాడిన ప్రతి గంటా, ఆ గంటలో గొట్టం నుంచి వచ్చిన పొగ రీడింగ్‌తో సహా, మర్నాడే అందరికీ కనపడేలా పెట్టాలి. దీనికి మీరు ఒప్పుకుంటారా?